వీధి తలుపు రంగు: షేడ్ కార్డు, ఫోను యాప్, నమూనా డబ్బా, చివరికి శాటిన్ ఎనామెల్

ముందే చెప్పేస్తాను. వీధి తలుపుకు రంగు మార్చాలనుకునేవారు డబ్బు పెట్టి కొనవలసిన మొదటి వస్తువు నమూనా డబ్బా. అరచేతిలో పట్టే ఆ చిన్న డబ్బా చేసే మేలు మిగతావేవీ చేయవు. షేడ్ కార్డు పనికొస్తుంది గాని, ఏ రంగు వద్దో తేల్చుకోవడానికే. తలుపు ఫొటో మీద రంగు పూసి చూపించే ఫోను యాప్‌ను ఎవరికీ సిఫారసు చేయను. చివరికి మా తలుపుకు వేసినది నీటితో పలచన చేసే, ఓ మోస్తరు మెరుపున్న శాటిన్ ఎనామెల్, ముదురు సీసాపచ్చ. దాని మీద నాకు చాలా మంచి అభిప్రాయం ఉంది, రెండు ఫిర్యాదులూ ఉన్నాయి. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఈ రకం సరుకు ఎవరు తయారుచేసినా ఇవే గుణాలు, ఇవే లోపాలు కొద్ది తేడాతో కనిపిస్తాయి.

నేను చాలా ఏళ్లుగా అచ్చు పనిలో ఉన్నాను. పుస్తకాల అట్టలు, గోడ పటాలు, క్యాలెండర్లు యంత్రం మీద నుంచి దిగుతున్నప్పుడు, ఒప్పుకున్న నమూనాతో రంగు కలిసిందా లేదా అని చూడడం నా ఉద్యోగం. ఈ పనిలో చేరినవారికి రంగుకన్నా ముందు వెలుగు గురించి నేర్పుతారు. అచ్చయిన కాగితాన్ని కిటికీ దగ్గరో ట్యూబ్‌లైటు కిందో చూసి మేము సంతకం పెట్టం. దానికి ప్రత్యేకంగా ఒక గూడు ఉంటుంది. లోపలి గోడలు ఏ ఛాయా లేని బూడిద రంగు, పైన 5000 కెల్విన్ దీపం (కెల్విన్ అంకె వెలుగు వన్నెను చెబుతుంది; తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం వైపు). దేశం ఏదైనా అచ్చు పనికి ఐఎస్ఓ 3664 ప్రమాణం కోరేది ఆ వెలుగునే. వెలుగును కదలకుండా కట్టేస్తే, ఇద్దరు మనుషులు ఒకే రంగు గురించి మాట్లాడుకోగలుగుతారు.

తలుపుకు అలాంటి గూడు ఏదీ ఉండదు. పొద్దున్న ఆకాశపు నీడ, మధ్యాహ్నం ఎండ, మునిమాపు మసక, రాత్రి దీపం, అన్నీ దాని మీదే పడతాయి. అందుకే ఏ రంగు ఏదో ఒక గంటలో అన్నిటికన్నా అందంగా ఉంటుందని నేను చూడలేదు. ఏ రంగు ఏ గంటలోనూ చెడకుండా నిలుస్తుందని చూశాను. ఈ సమీక్షలో నేను ఇచ్చే తీర్పులన్నీ ఈ ఒక్క కొలతతోనే.

మా తలుపు సంగతి. పడమటి ముఖం. ముందు చిన్న వసారా. దాని కప్పు మధ్యాహ్నం దాకా ఎండను ఆపుతుంది, ఆ తరువాత సూర్యుడు కిందికి దిగి నేరుగా రెక్క మీదే పడతాడు. వసారాకు ఎదురుగా గుబురైన పెద్ద చెట్టు. గోడలు లేత గోధుమ వన్నె, నేల బూడిద రంగు రాతి పలకలు, తలుపు పిడి ఇత్తడిది. రెక్క గట్టి చెక్కతో చేసిన ప్యానెళ్ల తలుపు. దాని మీద పాత గోధుమరంగు పెయింటు అంచుల్లో పెచ్చులు లేచింది. రంగు గురించి ఆలోచించేటప్పుడు ఈ వివరాలే అసలు సరుకు. గోడ, నేల, పిడి, చెట్టు, దిక్కు తెలియకుండా తలుపుకు ఏ రంగు బాగుంటుందని అడిగితే ఎవరూ నిజాయితీగా జవాబు చెప్పలేరు.

షేడ్ కార్డుతో మొదలుపెడతాను. తపాలా బిళ్లకన్నా కాస్త పెద్ద ముక్కలు, చుట్టూ తెల్లటి అంచు, పక్కపక్కనే డజన్ల కొద్దీ అన్నదమ్ముల్లాంటి వన్నెలు. రంగును తప్పుగా చూపించడానికి ఇంతకన్నా అనువైన అమరిక ఉండదు. ఇందులో కార్డు చేసినవారి తప్పేమీ లేదు, మన కన్ను తీరే అది. 1824లో పారిస్‌లోని గోబెలిన్ తివాచీల కార్ఖానాలో అద్దకం విభాగానికి అధిపతిగా వచ్చిన షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకు నల్లరంగు సరిగ్గా దిగడం లేదని ఫిర్యాదు అందింది. పరీక్షిస్తే అద్దకంలో ఏ లోపమూ లేదు. నల్లదారం పక్కన అల్లిన నీలి, ఊదా దారాల వల్ల అది వెలిసినట్టు కనిపిస్తోంది. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో ఆయన 1839లో పెద్ద గ్రంథంగానే ప్రచురించారు. తెల్లటి అంచు మధ్య ఉన్న ముదురు పచ్చ ముక్క కార్డు మీద దాదాపు నల్లగా కనిపించడానికి కారణం ఇదే. అదే పచ్చ తలుపంత వైశాల్యానికి పరుచుకుని, లేత గోధుమ గోడ మధ్య నిలబడితే, పచ్చదనం స్పష్టంగా పైకి వస్తుంది. కార్డు మీద "ఇది మరీ ముదురు" అనిపించి పక్కన పెట్టేసే రంగుల్లో చాలావరకు తలుపు మీద సరిగ్గా సరిపోతాయి. కార్డు మీద ఉల్లాసంగా అనిపించినవి తలుపు మీద కేకలు పెడతాయి.

అయినా కార్డును పారేయవద్దు. దాని మీద ఉన్న అంకెలు చదవండి. రంగుల పేర్లు అమ్మకానికి పెట్టినవి, అంకెలు సమాచారం. ఎల్ఆర్‌వీ అని ఉండే అంకె, ఆ రంగు తన మీద పడిన వెలుగులో ఎంత భాగాన్ని తిరిగి పంపుతుందో చెబుతుంది. సున్నా అంటే సంపూర్ణమైన నలుపు, 100 అంటే సంపూర్ణమైన తెలుపు. పెయింటు డబ్బాల్లో దొరికే నలుపు నాలుగైదు దగ్గర ఉంటుంది, తెలుపు 85 పైన. మా గోడ 60 దాటింది, ఎంచుకున్న పచ్చ పది లోపు. తలుపు ఎక్కడుందో కంటిచూపు తగ్గినవారికి సులువుగా తెలియాలంటే గోడకూ తలుపుకూ మధ్య కనీసం 30 పాయింట్ల తేడా ఉండాలని బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 8300 చెబుతుంది. మా ఇంట్లో అమ్మ ఉంది కాబట్టి ఈ అంకెను నేను చాలా పట్టించుకున్నాను.

ఇక వన్నె కోడ్. జర్మనీలో 1927లో 40 రంగులతో మొదలైన ఆర్ఏఎల్ పట్టికలో ఇప్పుడు రెండు వందలకు పైగా ఉన్నాయి. 7016 అంటే బొగ్గు బూడిద, 6009 అంటే దేవదారు ఆకుల ముదురు పచ్చ, 3005 అంటే ద్రాక్షసారాయి ఎరుపు. స్వీడన్ వారి ఎన్‌సీఎస్ పద్ధతి నాకు ఇంకా ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే కోడే రంగును వర్ణిస్తుంది. ఎస్ 7020-బి90జి అని ఉందనుకోండి. 70 నలుపు పాలు, 20 రంగు తీవ్రత, చివరి ముక్క నీలం నుంచి పచ్చ వైపు 90 శాతం జరిగిన వన్నె. ఇది చదవడం వస్తే రెండు కంపెనీల ముదురు పచ్చలను పక్కపక్కన పెట్టకుండానే, ఏది నీలం వైపు మొగ్గుతుందో, ఏది పసుపు వైపు మొగ్గుతుందో చెప్పవచ్చు. తలుపు రంగులో కీలకమైన విషయం ఆ మొగ్గే. ఎందుకో పచ్చ దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ఫోను యాప్ గురించి రెండు మాటలు చాలు. తలుపును ఫొటో తీసినప్పుడు వసారా నీడలో ఉండే నీలి ఛాయను కెమెరా తనంతట తానే సరిదిద్ది తీసేస్తుంది. మనం చూడవలసింది ఆ నీలి ఛాయలో రంగు ఏమవుతుందనే. పైగా తెర తన వెలుగును తానే విరజిమ్ముతుంది. పెయింటు మాత్రం బయటి వెలుగును తిప్పి పంపుతుంది. ఎరుపా, నీలమా, పచ్చా అన్నంత మోటు ప్రశ్నకు యాప్ జవాబు ఇస్తుంది. ఏ పచ్చ అన్న ప్రశ్నకు అది చెప్పే మాటకు విలువ లేదు.

ఇప్పుడు నమూనా డబ్బా. నాలుగు రంగులు తెచ్చాం: ఇటుక ఎరుపు, సిరా నీలం, బొగ్గు బూడిద, సీసాపచ్చ (సీసాపచ్చలో మాత్రం రెండు డబ్బాలు). వీటిని తలుపు మీద ముక్కలుగా పూయవద్దని గట్టిగా చెబుతాను. చుట్టూ ఉన్న పాత గోధుమరంగు ప్రతి ముక్కనూ మార్చి చూపిస్తుంది. పైగా ఆ ముక్కల అంచులు తరువాత కొత్త పెయింటు కింద గీతలుగా తేలతాయి. ముంజేయి పొడవున్న ప్లైవుడ్ పలకలకు ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కొట్టి, అంచు నుంచి అంచు దాకా, తెల్లటి అంచు మిగలకుండా, రెండు కోట్లు వేయాలి. పూర్తిగా ఆరాకే చూడాలి. నీటి ఆధారిత పెయింటు తడిగా ఉన్నప్పుడు అందులో రంగు పొడిని పట్టి ఉంచే బంధకం పాలలా ఉంటుంది కాబట్టి రంగు లేతగా కనిపిస్తుంది. ఆరిన తరువాత ముదురుతుంది. పలకను నేల మీద పడుకోబెట్టి కూడా చూడకూడదు. పడుకున్న పలక మీద పైనుంచి ఆకాశం పడుతుంది, నిలబడిన తలుపు మీద ఎదుటి చెట్టు, నేల, గోడల వెలుగు పడుతుంది. పలకను తలుపుకు ఆనించి నిలబెట్టి, గేటు దగ్గర నుంచి చూడాలి. తలుపును మనుషులు చూసే దూరం అదే.

ఇటుక ఎరుపు నా భార్య కోరిక. ఆ రంగును నేనూ ప్రేమించాను. ఇనుప ఆక్సైడు వర్ణకాలతో (రంగునిచ్చే పొడులతో) చేసిన ఎరుపు ఎండకు వెలవదు. గుహల గోడల మీద వేల ఏళ్లుగా నిలిచిన ఎర్రమట్టి రంగు ఆ జాతిదే. సాయంత్రపు ఎండలో ఆ పలక వెలిగిపోయింది. ఇత్తడి పిడి పక్కన పెడితే కళ్లు తిప్పుకోలేనంత బాగుంది. సూర్యుడు దిగి మసక పడగానే అదే పలక మట్టిలోకి కుంగిపోయినట్టు నల్లబడింది. దీనికీ కారణం కంటిలోనే ఉంది. వెలుగు బాగా ఉన్నప్పుడు మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన పచ్చ దగ్గర, అత్యంత చురుకుగా ఉంటుంది. వెలుగు తగ్గేకొద్దీ కంటిలోని మరో రకం కణాలు పని అందుకుంటాయి. వాటి చురుకుదనం 507 దగ్గర, నీలం కలిసిన పచ్చలో. ఎరుపు వాటికి దాదాపు కనిపించదు. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 19వ శతాబ్దం తొలి భాగంలో తోటలోని పూలను చూస్తూ దీన్ని గమనించారు. పగలు మెరిసిన ఎర్రపూలు మసక వెలుతురులో ఆకులకన్నా నల్లగా కనిపించాయి. అందుకే ఇప్పటికీ దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. నా భార్య ఆ పలకను చూసి ఒకే మాట అంది: "మనమంతా ఇంటికి చేరేది ఆ వేళకే కదండీ." అంతకన్నా బలమైన వాదన నా దగ్గర లేదు. తూర్పు ముఖం తలుపైతే, పొద్దున్నే ఎండ పడే ఇల్లైతే, రాత్రి మంచి దీపం ఉంటే, ఇటుక ఎరుపును మనస్ఫూర్తిగా తీసుకోండి.

దీపం అన్నాను కాబట్టి ఇక్కడే ఒక మాట. ఎరుపు రంగు తలుపు పెట్టుకుంటే వసారాలో చవకరకం ఎల్ఈడీ పెట్టవద్దు. వాటి వెలుగులో ముదురు ఎరుపు భాగం పలచగా ఉంటుంది, తలుపు గోధుమరంగులోకి జారిపోతుంది. దీపం రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అంకె పెట్టె మీద 90 పైన ఉన్నది చూసి తీసుకోవాలి.

సిరా నీలం విషయంలో అమ్మ తీర్పు చెప్పింది. ఆమెకు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు. ఒక కన్ను చేత్తో మూసి, మరో కన్ను మూసి, మార్చి మార్చి చూసింది. "ఈ కంటికి నీలం, ఆ కంటికి నలుపు నాయనా" అంది. వయసుతో పసుపు తిరిగిన కంటి కటకం నీలి వెలుగును ఆపేస్తుంది. కొత్త కటకం పెట్టిన కంటికి నీలం మళ్లీ నీలంగా వస్తుంది. ఆ మాట విన్నాక నేను ఆ పలకను పొద్దున్న నీడలో మళ్లీ చూశాను. నాకు కూడా గేటు దగ్గర నుంచి అది నలుపే. అంత ముదురు నీలం ఎంచుకుంటే పగలు కొద్ది గంటలే నీలం తలుపు, మిగతా వేళంతా నల్ల తలుపు. నీలమే కావాలంటే ఎల్ఆర్‌వీ పది పైనున్న నీలం వెతకడం మంచిది.

బొగ్గు బూడిద ఇప్పుడు చాలా ఇళ్లకు వేస్తున్నారు. నేను దాన్ని మొదటి రోజే పక్కన పెట్టాను, అచ్చు పనివాడి అనుభవంతో. మా పనిలో అన్నిటికన్నా కఠినమైన రంగు బూడిదే. మూడు సిరాల్లో ఏ ఒక్కటి చిటికెడు ఎక్కువైనా బూడిద బూడిదగా ఉండదు, ఏదో ఒక వైపు జారుతుంది. తలుపు మీద సిరాల స్థానంలో వెలుగులు ఆ పని చేస్తాయి. పొద్దున్న నీడలో ఆ పలక నీలంగా ఉంది, రాత్రి 2700 కెల్విన్ దీపం కింద మట్టి రంగుకు తిరిగింది, లేత గోధుమ గోడ పక్కన పగలంతా కాస్త ఊదా ఛాయ చూపించింది. గోడ చల్లటి తెలుపో, సిమెంటు రంగో అయితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. మా గోడకు అది పొసగదు.

మిగిలింది పచ్చ. ఇక్కడ డబ్బా అసలు ఉపకారం చేసింది, ఎందుకంటే కార్డు మీద మాకు ఒకటే అనిపించిన రెండు సీసాపచ్చలు పలకల మీద రెండు వేరే రంగులయ్యాయి. ఒకటి పసుపు వైపు మొగ్గినది, ఒకటి నీలం వైపు మొగ్గినది. పసుపు మొగ్గు పచ్చ పగటిపూట చెట్టు ఆకులతో చక్కగా కలిసింది. రాత్రి పసుపు దీపం కింద మాత్రం బురదలా మారింది. నీలం మొగ్గు పచ్చ పొద్దున్న నీడలో కాస్త చల్లగా, గంభీరంగా ఉంది. సాయంత్రపు ఎండలో వేడెక్కి ఆకుపచ్చకు దగ్గరైంది. మసకలో పుర్కిన్యే చెప్పినట్టే ఎరుపు కుంగిన చోట ఇది నిలబడింది. రాత్రి దీపం కింద నిఖార్సైన ముదురు పచ్చగా స్థిరపడింది. నాలుగు వెలుగుల్లోనూ అది పచ్చే. ఈ రంగులో ప్రధాన వర్ణకం థాలోసయనిన్ పచ్చ. 1930ల చివర మార్కెట్లోకి వచ్చిన ఈ వర్ణకం ఎండకు చాలా గట్టిగా నిలుస్తుంది. ఆరుబయట తలుపుకు ఇది చిన్న విషయం కాదు. రంగు ఎంచుకునేటప్పుడు అమ్మేవారిని "ఇది ఎండకు ఎలా ఉంటుంది" అని అడిగితే అందరూ బాగుంటుందనే అంటారు. "ఏ వర్ణకాలతో కలుపుతారు" అని అడగండి, దుకాణంలో రంగు కలిపే టింటింగ్ యంత్రం ముద్రించే చీటీలో ఉంటుంది.

ఇంకో సంగతి కూడా పలకల వల్లే బయటపడింది. కిటికీ చట్రాలకు ఉన్న పాత పచ్చతో కలిసే పచ్చ కావాలని నా భార్య అడిగితే, దుకాణంలో కొలత యంత్రంతో చూసి కలిపి ఇచ్చారు. పగలు ఆ రెండూ ఒకటే. రాత్రి దీపం కింద విడిపోయాయి. పాత పచ్చలోని వర్ణకాలు వేరు, కొత్త దానిలోవి వేరు. ఒక వెలుగులో కలిసిన రెండు రంగులు మరో వెలుగులో కలవకపోవడం మా అచ్చు పనిలో నిత్యం ఎదురయ్యేదే. కాబట్టి పాత రంగుతో సరిపోలే రంగు కోసం పంతం పట్టవద్దు. కొత్త రంగు స్పష్టంగా వేరుగా ఉండడమే మేలు, కలవబోయి కలవనట్టుండేదానికన్నా.

ముదురు రంగు అనగానే వేడి మాట కూడా రావాలి. ముదురు రంగు వెలుగును మింగి వేడిగా మారుస్తుంది. ఎండ నేరుగా పడే తలుపు చేయి పెట్టలేనంతగా కాలుతుంది. చెక్క తలుపులో అతుకుల దగ్గర పగుళ్లు రావచ్చు. పీవీసీ తలుపు వంకర పోవచ్చు. అందుకే ఆ తలుపులు తయారుచేసేవారు ఎల్ఆర్‌వీ ఇంతకు తగ్గకూడదని హద్దు పెడతారు. తలుపుతో వచ్చిన కాగితం చదవకుండా పీవీసీ, ఫైబర్ తలుపులకు ముదురు రంగు వేయవద్దు. మాది గట్టి చెక్క, వసారా కప్పు సగం రోజు కాపాడుతుంది, అందుకే ధైర్యం చేశాం. రోజంతా ఎండలో కాగే తలుపైతే నేను ఈ పచ్చను మెచ్చుకునేవాణ్ణే గాని వేసేవాణ్ణి కాదు.

ఇప్పుడు పెయింటు. శాటిన్ ఎంచుకోవడానికి కారణం ఉంది. గ్లాసీ, అంటే బాగా మెరిసే పెయింటులో ముదురు రంగు లోతుగా కనిపిస్తుంది, కడగడం సులువు. కాని పాత చెక్క మీది ప్రతి గుంటనూ అది వేలెత్తి చూపుతుంది. మెరుపు లేని మాట్ గుంటలను దాస్తుంది, కాని చేతి మరకలను పట్టుకుని వదలదు, తుడిస్తే మెరుపు మచ్చలు పడతాయి. శాటిన్ ఈ రెంటికీ మధ్య. 60 డిగ్రీల కోణంలో కొలిస్తే 20 నుంచి 35 మెరుపు పాయింట్లు. నీటి ఆధారిత ఎనామెల్ ఎందుకంటే వాసన తక్కువ, బ్రష్ నీళ్లతో కడిగితే పోతుంది, ఏళ్లు గడిచినా పెళుసెక్కదు. నూనె ఎనామెల్ బ్రష్ గీతలు మిగలకుండా ఇంకా అందంగా సర్దుకుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కాని లేత రంగుల్లో అది పసుపు తిరుగుతుంది, ముఖ్యంగా వెలుగు తగలని లోపలి వైపు.

మొదటి ఫిర్యాదు పూత గురించి. డబ్బా మీద రెండు కోట్లు చాలని రాశారు. ప్యానెళ్ల అంచుల్లో, పలచబడిన చోట్ల, రెండో కోటు తరువాత కూడా కింది రంగు కనిపించింది. ఇది ముదురు రంగులన్నిటికీ ఉన్న తిప్పలే. పెయింటుకు కింది రంగును కప్పే శక్తిని ఎక్కువగా ఇచ్చేది టైటానియం డయాక్సైడు అనే తెల్లటి పొడి. ముదురు రంగులు కలిపే బేసులో అది దాదాపు ఉండదు, ఉంటే రంగు పాలిపోతుంది. మూడో కోటుతో మా తలుపు చక్కబడింది. ఆ సంగతి డబ్బా మీద నిజాయితీగా రాస్తే కొనేవారు సరిపడా కొంటారు కదా. ప్రైమర్ తెల్లది కాకుండా బూడిద రంగుది వేయించమని పెయింటర్ చెప్పిన సలహా చాలా విలువైనది. అది లేకపోతే మూడో కోటూ చాలేది కాదు. ఎరుపు వేసేవారికి ఈ సలహా రెట్టింపు అవసరం.

రెండో ఫిర్యాదు ఆరడం గురించి. ముట్టుకుంటే గంటా రెండు గంటల్లో ఆరినట్టే ఉంటుంది. కాని పూర్తిగా గట్టిపడడానికి వారాలు పడుతుంది. ఆలోపు తలుపు మూస్తే ద్వారబంధం చుట్టూ ఉన్న రబ్బరు పట్టీకి అంటుకుంటుంది, తెరిచినప్పుడు పొర లేచివస్తుంది. డబ్బా మీద ఈ హెచ్చరిక చదవలేనంత చిన్న అక్షరాల్లో ఉంది. పెయింటరే ముందుగా చెప్పాడు: "సార్, ఆరింది అనుకుని గట్టిగా మూసేయకండి, ఈ పట్టీ కొన్నాళ్లు తీసేసి ఉంచుదాం." ఆ పట్టీ తీసి ఉంచినందుకే అంచులు చెడలేదు.

ఆ పెయింటర్ పనితనం గురించి కూడా రాయాలి, ఎందుకంటే సగం ఫలితం అతనిదే. పిడికీ గొళ్లేనికీ టేపు అంటించకుండా విప్పి పక్కన పెట్టాడు. పాత పెయింటులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడి గరుకు కాగితంతో రుద్దకుండా తడిపి రుద్దాడు, రాలినదంతా పాత గుడ్డలో ఎత్తి మూట కట్టాడు. పిల్లలున్న ఇళ్లలో ఈ జాగ్రత్త తప్పనిసరి. ఎండ రెక్క మీదికి రాకముందే పని ముగించాడు. ఎండలో వేస్తే పెయింటు సర్దుకునేలోపే ఆరి బ్రష్ గీతలు మిగిలిపోతాయి. ముందు ప్యానెళ్లు, తరువాత అడ్డ కమ్మీలు, చివర నిలువు కమ్మీలు, ఆ క్రమం తప్పలేదు. లోపలికి తెరుచుకునే తలుపుకు తాళం వైపు అంచుకు లోపలి రంగు, బందుల వైపు అంచుకు బయటి రంగు వేయాలని కూడా అతనే చెప్పాడు. తలుపు తెరిచి ఉన్నప్పుడు తాళం వైపు అంచు లోపల ఉన్నవారికి కనిపిస్తుంది, బందుల వైపు అంచు బయట ఉన్నవారికి. ఇంత చిన్న విషయం తలుపు రూపాన్ని ఎంత శుభ్రంగా మారుస్తుందో చూసిన తరువాతే తెలుస్తుంది.

నమూనా డబ్బా తయారుచేసేవారిని ఒకటి అడగాలని ఉంది. చాలా నమూనా డబ్బాలు మాట్‌లోనే వస్తాయి. మాట్ పొర తన ఉపరితలం మీదే వెలుగును నలుదిక్కులా చిమ్ముతుంది, ముదురు రంగు మీద పలచటి తెల్లని తెర పరిచినట్టుగా చూపిస్తుంది. అదే రంగు శాటిన్‌లో ఒక మెట్టు లోతుగా ఉంటుంది. ఆ తేడాను మనసులో లెక్క కట్టుకోవడం అచ్చు పనిలో ఉన్న నాకు అలవాటు. మొదటిసారి తలుపు రంగు ఎంచుకునేవారికి అది చాలా పెద్ద తేడా. శాటిన్‌లోనూ గ్లాసీలోనూ నమూనా డబ్బాలు అమ్మండి, ఎల్ఆర్‌వీ అంకెను రంగు పేరంత పెద్ద అక్షరాల్లో మూత మీదే అచ్చు వేయండి. అప్పటిదాకా ముదురు రంగు కొనేవారు మాట్ నమూనాలో తమకు సరిపోయిందనిపించిన దానికన్నా ఒక మెట్టు లేతది కూడా తెచ్చుకుని, రెండు పలకలనూ పక్కపక్కన నిలబెట్టి చూసుకోవడం మంచిది.